తలకాయల ఫోల్డరు

ముందే ఒప్పేసుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా తీరంలో రొయ్యలు కొనేవాళ్లు జల్లెడలో కాసేపు నీళ్లు కారనిచ్చి ఆ తర్వాతే కాటాకు ఎక్కిస్తారు. నా మాటల్ని కూడా అలాగే వార్చుకుని చదవండి. దోమ కుడితే పాము కరిచిందని చెప్పే రకాన్ని నేను. అయితే ఒక్క విషయంలో మాత్రం పెంచడానికి నాకు చోటు చిక్కలేదు. అది నా బామ్మర్ది మీద నాకున్న పగ. పుట్టిన రోజే అది ఆకాశానికి తగిలింది.

కావలిలో ట్రంకు రోడ్డు మీంచి సముద్రం వైపు తిరిగే సందులో నాకొక ఫ్లెక్సీల కొట్టుంది. ఆ కొట్టు లేకుండా ఈ చుట్టుపక్కల మనిషి పుట్టడు, పెళ్లాడడు, ప్రెసిడెంటు కాడు, ఆఖరికి పోడు కూడా. ఏం జరిగినా ముందు ఫ్లెక్సీ లేవాలి. పైన దేవుళ్లు, వాళ్ల కింద గుండ్రటి చట్రాల్లో పోయినవాళ్లు, ఆ కింద పెద్ద తలకాయలు, అడుగున చిన్న తలకాయలు. ఎవరి తల ఎవరి పక్కన, ఎవరిది ఎంత సైజు అనే దాని మీద మా వైపు ఊళ్లు నిలబడతాయి, ఊళ్లు కూలిపోతాయి.

అందుకని మా వృత్తిలో ఆస్తి అంటే ముద్రించే యంత్రం కాదు, తలకాయలు. మనిషి ఫోటోలోంచి వెనకున్న గోడనీ, పక్కనున్న చుట్టాన్నీ, భుజం మీద వేలాడే ఎవరిదో చేతినీ కత్తిరించి పారేసి, తలను మాత్రం శుభ్రంగా విడదీసి దాచుకోవాలి. నా కంప్యూటరులో 'తలకాయలు' అని ఒక ఫోల్డరు ఉండేది. తోటపల్లి గూడూరు చెరువుల రైతులు, పాళేల పెద్దలు, పాస్టరుగార్లు, రొయ్యల మేత డీలర్లు, జిల్లా తీరం తీరమంతా అందులో నవ్వుతూ పడుకుని ఉండేది. జనాభా లెక్కలవాళ్లు మా కొట్టుకొచ్చి ఉంటే ఇల్లిల్లూ తిరిగే బాధ తప్పేది.

ఆ ఫోల్డరు పోతే మాత్రం ఏం, మళ్లీ ఫోటోలు తీసుకోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. చిక్కంతా అక్కడే. ఫ్లెక్సీ మీదికి ఎవరూ ఇవాళ్టి తలతో ఎక్కరు. ఒకసారి ఒక తల కుదిరిందంటే ఇక జీవితాంతం అదే. బుగ్గలు జారినా, పళ్లూడినా, మనవళ్లకు మీసాలొచ్చినా, ఫ్లెక్సీ మీద మాత్రం ఆ పాత తలే నవ్వాలి. కొత్త ఫోటో తీస్తానంటే తిట్టినట్టు చూస్తారు.

ఈ తలలన్నీ కత్తిరించింది నా బామ్మర్ది, మా ఆవిడకు సొంత తమ్ముడు. వాడి చెయ్యి మంచిదని రాయడానికి నాకు కడుపు మండుతోంది, అయినా రాస్తున్నాను. చెవి మడత దగ్గరా, మీసం కొస దగ్గరా వాడు మౌసు తిప్పుతుంటే ఉడికిన చేపలోంచి ముల్లు తీసినట్టు ఉండేది. వాడికి ఇంకో విద్య కూడా వచ్చు. బట్టతలతో లోపలికి వచ్చినవాడు వాడి చేతి కిందనుంచి నిండు క్రాపుతో బయటికి వెళ్లేవాడు. ఆ పాత తలలంటే జనానికి అంత ప్రాణం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మా ఇద్దరికీ చెడింది మా అమ్మాయి ఓణీల ఫంక్షను దగ్గర. అలాంటి వేడుకలో మేనమామదే పెద్దపీట. ఫ్లెక్సీ డిజైను నేనే చేశాను. మా అన్నదమ్ముల్ని, వదినల్ని, పెదనాన్నల్ని వరసగా నింపుకుంటూ వచ్చేసరికి వాడి తలకు అడుగున ఒక మూల మిగిలింది, నిమ్మకాయంత. సైజు వరకైతే వాడు సర్దుకునేవాడేమో. కానీ ఫ్లెక్సీ మూలల్లో తాడు దూర్చడానికి ఇత్తడి రింగు కొడతారు. ఆ రింగు పోయి పోయి వాడి నుదుటి నడిమధ్యన పడింది. దాంట్లోంచి తాడు దూర్చి, కల్యాణమండపం గుమ్మం పక్కన వెదురుబొంగుకు బిగించి కట్టారు. వచ్చిన ప్రతి చుట్టమూ మేనమామ నుదుట్లోంచి తాడు బయటికి రావడం కళ్లారా చూసి, ఆ తర్వాతే భోజనాలకు కూర్చున్నాడు. ఇందులో నా తప్పు ఆవగింజంత కూడా లేదు. ఏమైనా అడగదలిస్తే బొంగు పాతినవాణ్ణి అడగాలి.

"ఏంది బావా, నన్ను గొడ్డును కట్టేసినట్టు కట్టేసినావే" అన్నాడు వాడు.

"గొడ్డుకైతే ముక్కుకేస్తారురా. నీకు నుదుటికే గదా" అన్నాను, ఓదార్పుగా.

వాడు ఓదారలేదు. కొన్నాళ్లు తలెత్తకుండా పనిచేశాడు. ఒక మధ్యాహ్నం నేను భోజనానికి ఇంటికెళ్లి వచ్చేసరికి తాళంచెవి బల్ల మీద ఉంది, వాడు లేడు. ఫోల్డరూ లేదు. కంప్యూటరు చెత్తబుట్టలో వెతికాను, అదీ కడిగినట్టుంది. మొత్తం తలల్ని తన డిస్కులోకి ఎక్కించుకుని, నా దాంట్లో తుడిచిపారేసి పోయాడు. నెల తిరగకముందే రోడ్డు అవతల, సరిగ్గా నా గుమ్మానికి ఎదురుగా కొట్టు తెరిచాడు. బోర్డు మీద తన తలే పెట్టుకున్నాడు. రోడ్డు రోలరు చక్రమంత తల. నుదురు నున్నగా మెరుస్తూ ఉంది.

జనం అటు మళ్లడం మొదలైంది. తల ఎక్కడుంటే మొండెం కూడా అక్కడికే కదా నడుస్తుంది!

నేను ఊరుకునేవాణ్ణి కాదు. ఎదుటివాడు చెంబు విసిరితే బావి ఎత్తి విసిరే రకం. వాడి కొట్టుకు ఎదురుగా మా మిద్దె మీంచి నేల దాకా వేలాడేటట్టు, భూప్రపంచంలోకెల్లా పెద్ద ఫ్లెక్సీ ఒకటి తలపెట్టాను. నా సెల్లులో వాడి ఫోటో ఒకటి మిగిలి ఉంది. దాన్ని గుండ్రటి చట్రంలో పెట్టి, బంతిపూల దండ వేసి, కింద దీపం వెలిగించి, 'శ్రద్ధాంజలి' అని అక్షరాలు చెక్కాను. మర్నాటికి బంతిపూలు నచ్చలేదు, చామంతులు వేసి విడిగా దాచాను. ఆ తర్వాత దీపం చిన్నదనిపించింది, దీపాన్ని కాగడా చేసి మళ్లీ విడిగా దాచాను. 'పగ', 'పగ ఫైనలు', 'పగ అసలు ఫైనలు', 'పగ ఇదే ఫైనలు'. ఒక్కొక్క ఫైలు మరపడవంత బరువు. వాటిలో దేన్ని చెరపడానికీ మనసొప్పక, అన్నిటినీ అదే డిస్కులో దాచుకుంటూ పోయాను. గిరాకీ లేని మనిషికి పగకు తీరిక బోలెడు.

ఒక సాయంత్రం మా ఆవిడ టీ తెచ్చి తెర వైపు చూసింది.

"ఎవురిదది?"

"నమూనా."

"నా తమ్ముడికి బతికుండంగానే దండేస్తా ఉండావా? అది గోడకెక్కిందంటే దాని పక్కనే నీకూ ఒకటి ఏయిస్తా. వాడి కొట్లోనే ఏయిస్తా."

ఆ చివరి ముక్కకే నేను జడిశాను. ఫ్లెక్సీ ఆగిపోయింది, పగ ఆగలేదు.

అలాంటి రోజుల్లో వచ్చారు పాళెం పెద్దలు. సముద్రం ఒడ్డున వేట మీద బతికే ఊరు అది. ఏటా వాళ్ల గంగమ్మ కొలుపుకు, అంటే అమ్మవారి జాతరకు, ఫ్లెక్సీ నాదే. ఒక పాళెం ఫ్లెక్సీ ఎవరు వేశారో చూసి మిగతా పాళేలన్నీ ఆ కొట్టుకే వెళతాయి. కాబట్టి ఈ ఒక్కటి చెయ్యి జారితే తీరం మొత్తం జారిపోతుంది, నేను షట్టరు దించి బామ్మర్ది దగ్గర పనికి చేరాలి. దానికన్నా మెడకు లంగరు కట్టుకోవడం నయం.

పెద్దలందరికీ పెద్దాయన బెంచీ మీద కూర్చుని పంచె సర్దుకున్నాడు. "అబ్బయా, ఆదివారం కొలుపు. శుక్రవారానికల్లా ఫ్లెక్సీ కట్టాల. మా తలకాయలు నీ కాడ ఉండాయి గదా, పోయినేడాదివే ఎయ్."

"ఈసారి కొత్త ఫోటోలు తీద్దామా పెద్దాయనా? ఇప్పుడు కెమెరాలు బాగా వచ్చినాయి."

ఆయన తలపాగా విప్పాడు. వీధిలోని ఎండంతా వచ్చి ఆ నున్నటి మాడు మీద పడి, అక్కణ్ణించి నా కళ్లలో పడింది. దూరాన సముద్రంలో ఉన్న పడవలు అది లైట్‌హౌసు అనుకుని దారి మళ్లి ఉంటాయి.

"దీన్ని గంగమ్మకు చూపీమంటావా?"

"వద్దులే పెద్దాయనా."

"ఆ ఎదర కొట్లో గూడా ఉండాయంట మా తలకాయలు. నీ బామ్మర్ది కబురు పెట్టినాడు. పాతోడివి గదా అని నీ కాడికే వచ్చినాం. నీ కాడ లేకపోతే చెప్పు, రోడ్డు దాటేదెంత పని?"

"ఉన్నాయి" అన్నాను. అబద్ధం అంత తేలిగ్గా నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు. రోజూ వస్తుంది గానీ, అంత తేలిగ్గా కాదు.

మర్నాడే డిస్కు ఊడదీసి, తువ్వాల్లో చుట్టి, నెల్లూరు బస్సెక్కాను. చెడిపోయిన డిస్కుల్లోంచి పోయిన ఫైళ్లు వెలికితీసే ఒక అమ్మాయి అక్కడ ఒక మేడ మీది గదిలో ఉంటుందని విన్నాను. ఆ మెట్లు ఎక్కేసరికి తిరుపతి కొండ ఎక్కినంత పుణ్యం వచ్చింది. ఆమె డిస్కును తన కంప్యూటరుకు తగిలించి, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఎవురన్నా తుడిచేసినారా, మీరే తుడిచేసుకున్నారా?"

"బామ్మర్ది."

"తుడిచినంత మాత్రాన పోదన్నా. ఇంటి మీద ఉండే నంబరు చెరిపేసినట్టు, అంతే. లోపల మనుషులు లోపల్నే ఉంటారు. ఆ ఇంట్లో ఇంకొకర్ని కాపురం పెట్టినప్పుడే పాతోళ్లు పోతారు. తుడిచినాక మీరు దీంట్లో కొత్తగా ఏమీ దాయలేదు గదా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

"దాసినారా?"

"ఏదో, చిన్న చిన్నవి."

ఆమె తెర మీదికి వంగింది. "ఈ 'పగ ఇదే ఫైనలు' అంటే ఏందన్నా?"

"కుటుంబ వ్యవహారమమ్మా."

"మీ కుటుంబ వ్యవహారం పోయి తలకాయల మీద కూర్చోనుండాది. ఇంతింత లావు ఫైళ్లు! మీ బామ్మర్ది తుడిచినప్పుడు అన్నీ బాగానే ఉండాయి. వాటిని పాడు చేసింది ఇదిగో, ఈ ఫైనళ్లే."

నా జన్మలో నన్నెవరూ అంత మర్యాదగా తిట్టలేదు. దానికి కూడా నాకు బామ్మర్ది మీదే కోపం వచ్చింది. వాడు పగ పుట్టించకపోతే నేను దాన్ని దాచుకునే పనేముంది?

వెలికితీసిన వాటిని ఆమె ఇంకో డిస్కులో పోసి ఇచ్చింది. పేర్లన్నీ పోయాయి, అంకెలు మిగిలాయి. "బొమ్మ పైనుంచి కిందికి రాసుకుంటా వస్తాదన్నా. పై సగం మిగిలింది, కింద సగంలో మీ పూలదండ వచ్చి పడింది. ఇంతకంటే ఎవురూ తియ్యలేరు" అని చెప్పింది.

కొట్టుకొచ్చి తెరిచి చూశాను. ప్రతి తలా పైన జుట్టు, జుట్టు కింద వేలెడు నుదురు, అక్కణ్ణించి కిందికి బూడిద రంగు. కళ్లు లేవు, ముక్కుల్లేవు, మీసాలు లేవు. జిల్లా తీరమంతా కనుబొమల దాకా బూడిదలో కూరుకుపోయి ఉంది. ఎదురుగా బోర్డు మీద బామ్మర్ది మాత్రం గడ్డం దాకా నవ్వుతున్నాడు. నేను ఏడ్చాను. నా కన్నీళ్లకు సందులో మోకాలి లోతు నీళ్లు నిలబడి ఆటోలు తిరిగిపోయాయి.

ఏడుస్తూనే తెర మీది తలల్ని వరసలుగా పేర్చాను, ఏ నుదురు ఎవరిదో కనీసం గుర్తుపడదామని. అప్పుడు తగిలింది కంటికి. మొదటి తలలో పాపట ఎడమవైపు ఉంది, కుడివైపు జుట్టు కెరటంలాగా లేచింది, ఆ కెరటం కొసన ఒకే ఒక్క వెంట్రుక గాలం ముల్లులాగా వంగి ఉంది. పక్క తలలోనూ అదే పాపట, అదే కెరటం, అదే గాలం. దాని పక్కదీ అంతే. ఆ కింది వరసా అంతే. పాళెం పెద్దలందరి నెత్తి మీదా ఒకే జుట్టు! మొహాలున్నన్నాళ్లూ ఎవరి చూపూ మొహం దాటి పైకి పోలేదు. మొహాలు పోయాక దాక్కోవడానికి జుట్టుకు చోటు లేకుండా పోయింది. బట్టతలలకు క్రాపు మొలిపించే వాడి విద్య ఇదన్నమాట. ఒకే జుట్టును కత్తిరించి అందరికీ అతికించాడు.

ఎవరిదా జుట్టు? వెతుక్కుంటూ వెతుక్కుంటూ చిట్టచివరి ఫోటో తెరిచాను. అదే పాపట, అదే కెరటం, అదే గాలం. దాని కింద, చెక్కు చెదరకుండా, నా బామ్మర్ది మొహం.

ఆ క్షణంలో నేను వేసిన గంతుకు ఫ్యాను రెక్క వంగింది.

పెద్దలకు కబురు పెట్టాను. గురువారం పొద్దున వచ్చారు. తలల వరసనీ, ఆ చివరి ఫోటోనీ పక్కపక్కన పెట్టి చూపించి, నేను ఒక్క మాట కూడా అనకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాను. మాట్లాడకుండా ఉండటం నాకు ఎంత కష్టమో తెలిసినవాళ్లు దాన్ని తపస్సు అంటారు.

పెద్దాయన తెర దగ్గరికి వంగాడు. "అంటే... ఇన్నేండ్లూ గంగమ్మ ముందర నేను ఈడి జుట్టు పెట్టుకోని నవ్వతా ఉండానా?"

"నేనేమీ అనలేదు పెద్దాయనా."

"నువ్వనేదేంది, కనపడతా ఉండాది గదా!"

పెద్దలంతా లేచి రోడ్డు దాటారు. నేను వెనకాలే దాటాను. అవసరం లేదు, అయినా దాటాను. బామ్మర్ది వాళ్లను చూసి, ఆర్డరు నడిచొచ్చిందనుకుని, కుర్చీలు తుడిచాడు.

"కూర్చోండి పెద్దాయనా. టీ చెప్పమంటారా?"

"టీ తర్వాత. మా నెత్తిన ఉండే జుట్టు నీదేనా?"

వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక రంగు మారింది. "నాది కాదు పెద్దాయనా, అమ్మతోడు."

"నీది గాకపోతే ఎవుడిది? ఊరూ పేరూ లేనోడిదా? సచ్చిపోయినోడిదా? పరాయోడి జుట్టు మా నెత్తినేసి కొలుపులో నిలబెట్టినావా?"

వాడు పెద్దలందర్నీ ఒకసారి చూసి, ఆ తర్వాత నన్ను చూశాడు. నేను సీలింగు బాగుందో లేదో చూస్తున్నాను.

"నాదే పెద్దాయనా" అన్నాడు.

తీర్పు అక్కడే, నిలబడ్డ చోటే అయిపోయింది. పాళెంలో దురాయి అంటే ఊరి కట్టుబాటు, దాటినవాడికి ఊళ్లో నీళ్లు కూడా పుట్టవు. పెద్దాయన దాన్ని ఇట్టే వేశాడు.

"ఇన్నేండ్లు మా నెత్తిన ఉండి అమ్మ ముందర నిలబడిన జుట్టు అది. ఇంగ నీదీ గాదు, మాదీ గాదు, అమ్మది. కొలుపు రోజు వచ్చి ఇచ్చెయ్. అది ఇచ్చేదాకా మా పాళెమోడు ఒక్కడు గూడా నీ గడప తొక్కడు. తలకాయలు మావి, మీ బావకు గూడా ఒక సెట్టు తీసియ్. ఈయేడు ఫ్లెక్సీ ఆయన్నే ఎయ్యనీ."

గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి నాతో అన్నాడు. "అబ్బయా, ఆ క్రాపు మాత్రం తీసెయ్యబాక. అట్నే ఉండనీ."

ఆదివారం నాడు గంగమ్మ ముందర, పడవలు లాగిన ఇసుకలో, మంగలి ముందు పీట మీద నా బామ్మర్ది కూర్చున్నాడు. వాడి నెత్తి మీద నా ఫ్లెక్సీ గాలికి తెరచాపలాగా ఊగుతోంది. అందులో పెద్దలంతా నిండు జుట్టుతో వెలిగిపోతుంటే, కింద వాడి జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఇసుకలో రాలింది. డప్పులు మోగాయి. నేను ముందు వరసలో నిలబడ్డాను. పొద్దు పొడవకముందే వెళ్లి ఆ చోటు పట్టుకున్నాను. ప్రతి కుచ్చు రాలినప్పుడూ నా నుదుటి మీదినుంచి ఒక ముడత పోయింది, కావాలంటే ఇప్పుడొచ్చి చూడండి, పసిపిల్లాడి నుదురు.

మా ఆవిడ పక్కకొచ్చి నిలబడింది. "చాలునా?"

"చెవుల పక్కన ఇంకా కొంచెం ఉంది" అన్నాను.

ఆ రాత్రి కూరలో ఉప్పు లేదు. మరుసటి రోజూ లేదు. అదీ గెలుపు రుచే అనుకుని తిన్నాను.

ఇక, ఇందులో నేను కల్పించింది ఏదో చెప్పాలి. గుండు నిజం, దురాయి నిజం. ఒకే జుట్టు అన్నదీ నిజమే, ఏ పాళెం కొలుపుకైనా వెళ్లి తలెత్తి చూసుకోవచ్చు. కల్పించింది ఆ చివరి ఫోటోని. అదీ మిగతావాటిలాగే నుదుటి కింద అంతా బూడిదే. నా సెల్లులో ఉన్న ఫోటోలోంచి మొహం తీసి ఆ బూడిద మీద అతికించింది నేను. నా చెయ్యి వాడి చెయ్యి కాదు కదా, చెవుల దగ్గర కొంచెం వంకర వచ్చింది. వాడి క్రాపూ ఇంచుమించు అలాంటిదే కాబట్టి పెద్దల కంటికి ఏదీ ఆనలేదు. తర్వాత ఆ ఫోటో చూసినప్పుడు వాడి కంటికి ఆని ఉంటుంది, అతుకు ఎక్కడ పడిందో వాడికి చెప్పక్కర్లేదు. అయినా ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. ఆ జుట్టు అసలు ఎవరిదో చెప్పడం కన్నా గుండే నయమనుకుని ఉండాలి.

ఇప్పుడు టోపీ పెట్టుకుని ఎదురుగా కూర్చుంటాడు. నేనూ ఇటువైపు కూర్చుంటాను. రోడ్డు దాటి వెళ్లి అడిగితే ఎవరి జుట్టో చెబుతాడేమో. అడగను. వాడిది కాదని తేలిపోయిందంటే, వాడు చెయ్యని తప్పుకు గుండు చేయించుకున్నట్టు అవుతుంది, నా గెలుపు లెక్కలోకి రాదు, నేను మళ్లీ మొదటినుంచి పగ తీర్చుకోవాల్సి వస్తుంది.